మా నాన్న మిరప రాశి మీద నేను పారించిన నది

పూర్వం ఎవరో మహానుభావుడు ఏళ్ల తరబడి తపస్సు చేసి, కాలం చేసిన తన పెద్దల్ని గట్టెక్కించడానికి ఒక నదిని నేల మీదికి దించాడట. నేనూ ఒక నదిని దించాను. తపస్సు చెయ్యలేదు. ఒక మధ్యాహ్నం, కొన్ని ప్లాస్టిక్ బిందెలు సరిపోయాయి. పైగా నేను దించింది పెద్దల్ని గట్టెక్కించడానికి కాదు. నిక్షేపంగా బతికి, భుజాన కండువాతో కల్లంలో తిరుగుతున్న మా నాన్నని నిలువునా ముంచడానికి. అదీ ఎక్కడనుకున్నారు? ఎండిన మిరపకాయల రాశి మీద.

మీరు మిరప పండించే ఊరివాళ్లయితే ఈపాటికే గుండె మీద చెయ్యి వేసుకుని ఉంటారు. కాకపోతే కాస్త ఓపిక పట్టండి. ఆ చెయ్యి నేనే వేయిస్తాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. మాది దర్శి దగ్గర పల్లె. నేను గుంటూరులో సివిల్ డిప్లొమా రెండో ఏడు చదువుతున్నాను. రెండో ఏడు అంటే తెలుసుగా, సర్వేయింగ్ పాఠాలు సగం వచ్చి, ప్రపంచాన్ని కొలిచే అర్హత పూర్తిగా వచ్చేసిందనిపించే ఏడు. అప్పట్లో గుంటూరులో ఒక ఇంటర్నెట్ సెంటరుకి పోయి, చెమట కంపు కొట్టే చెక్క అరల మధ్య కూచుని, నేనొక ఆట గురించి చదివాను. ఆ ఆటకి బల్ల ఉండదు, గవ్వలుండవు. ఒకడు తన బుర్రలోంచి ఒక లోకాన్ని కల్పిస్తాడు. మిగతావాళ్లు అందులో వీరులో, మాంత్రికులో అవుతారు. "నేను గుహలోకి దిగుతున్నా" అని వాళ్లంటే, గుహలో ఏముందో లోకం కల్పించినవాడు చెబుతాడు. దెబ్బ తగిలిందా లేదా అన్నది పాచిక తేలుస్తుంది. అంతే ఆట.

నాకు ఈ ఆట ఎందుకు నచ్చిందో వేరే చెప్పాలా? ఇంట్లో నా మాట మా మేక కూడా వినదు. ఈ ఆటలో కొండలు సైతం నేను చెప్పిన చోట నిలబడాలి.

సెలవులకి ఊరొచ్చి ఇద్దరు మిత్రుల్ని పోగేశాను. ఒకడు నాగుల్ మీరా. పొదిలిలో బి.కాం. చదివేవాడు, వాళ్ల నాన్న కాలిపోయిన బోరు మోటార్లకి వైరు చుట్టేవాడు. రెండోవాడు శీను. వాడు ఏం చదివేవాడో వాడికే స్పష్టంగా తెలియదు. నేను కల్పించిన లోకం పేరు అగ్నిసీమ. ఎనిమిది ముఖాల పాచిక మన బజార్లో దొరక్క, పిడుగురాళ్ల నుంచి వచ్చే ఒక క్లాస్‌మేటు చేత సున్నపురాయి ముక్క తెప్పించి, ఆకురాయితో అరగదీసి నేనే తయారు చేశాను. చూడ్డానికి ముత్యంలా ఉండేది. ఒక్కటే లోపం. ఎన్నిసార్లు వేసినా మూడే పడేది.

"పుట్టినప్పట్నుంచి నా వీరుడు మూడే కొడుతున్నాడ్రా. వాడికి కత్తిచ్చావా, గరిటె ఇచ్చావా?" అనేవాడు నాగుల్ మీరా.

అది ఓర్చుకున్నాను. ఓర్చుకోలేని మాట ఒకటి, నేను అగ్నిసీమ మ్యాపు గీసి తీసుకెళ్లిన రోజు అన్నాడు. రంగు పెన్సిళ్లతో కొండలు, కోటలు, అడవులు, మధ్యలో హిమవేణి అనే మహానది. నాగుల్ మీరా మ్యాపుని అటూ ఇటూ తిప్పాడు.

"ఒరేయ్ ఇంజినీరూ, ఈ నది కొండెక్కిందేందిరా?"

"కొండెక్కలేదు. కొండల్లో పుట్టి సముద్రంలో కలుస్తుంది."

"ఇక్కడ పుట్టింది, బానే ఉంది. ఇదిగో కిందికి దిగింది. మళ్లీ ఈ రెండో కొండెక్కి అవతల దిగిందిగా?"

చూశాను. ఎక్కింది. నిక్షేపంగా ఎక్కి, అవతల దిగింది.

"నీళ్లు కొండెక్కాలంటే మోటారు కావాల. ఎంతది పెట్టావు? ఐదు హార్స్‌పవరా, ఏడున్నరా?"

"మరి కరెంటు పోయినప్పుడు నది ఆగిపోయిద్దా?" శీను నిజంగానే ఆందోళన పడ్డాడు. వాడు ఎగతాళి చేసినా బాగుండేది.

"పైగా దిగువన రెండుగా చీలి రెండు సముద్రాల్లో కలిసింది. డెల్టాలో చీలినా ఏ నదైనా రెండు సముద్రాల్లో కలిసిద్దా? ఇది నదా, పాము నాలికా? చూడు ఇంజినీరూ, మ్యాపు సరిచేసేదాకా నా వీరుడు అగ్నిసీమలో అడుగు పెట్టడు. నీళ్లు పైకి పారే రాజ్యంలో వాడికి ప్రాణభయం."

సివిల్ చదివేవాడి నది కొండెక్కిందంటే, దర్జీ తొడుక్కున్న చొక్కాకి మూడు చేతులున్నట్టే. ఆ రాత్రి అన్నం సయించలేదు. నిజమైన నదిలాంటి నది గీసి ఈ నాగుల్ మీరా నోరు మూయించకపోతే డిప్లొమా మానేస్తానని మంచం మీద పడుకుని శపథం చేశాను. మానేసి ఉంటే మా నాన్న సుఖపడేవాడు.

ఇప్పుడు మా నాన్న గురించి చెప్పాలి. ఆయన పేరు సుబ్బయ్య. కానీ చుట్టుపక్కల ఆయన్ని 'నీళ్లు చల్లని సుబ్బయ్య' అంటేనే గుర్తుపడతారు. మిరపకాయ బాగా ఎండితే పెళుసెక్కుతుంది. దాన్ని గోతాల్లో తొక్కి నింపుతుంటే (ఆ నింపిన గోతాల్నే మావైపు టిక్కీలంటారు) కాయ చితికి పొడైపోతుంది. అందుకని కొందరు తొక్కేముందు పైపైన నీళ్లు చల్లుతారు. కాయ మెత్తబడుతుంది. తూకం కూడా, చూసీచూడనట్టు, నాలుగు మెట్లెక్కుతుంది. ఆ కాయే తర్వాత కొన్నవాడి గోదాములో నల్లబడి బూజు పడుతుంది. మా నాన్న జన్మలో చుక్క నీళ్లు చల్లిన పాపాన పోలేదు. కాయ చితికితే చితకనీ అనేవాడు. మా కాయ కొనే కోటేశ్వరరావు గారు గుంటూరు మిర్చి యార్డులో అందరి టిక్కీలూ విప్పించి, చెయ్యి పెట్టి, వాసన చూసి బేరమాడేవారు. మా నాన్న టిక్కీ మూతి మాత్రం ఏనాడూ విప్పలేదు. "సుబ్బయ్య గారి కాయ చెవి దగ్గర ఊపితే గజ్జెలు మోగినట్టు మోగాల" అని నలుగురిలో చెప్పేవారు. ఆ మాట విన్నరోజు మా నాన్న మామూలుగా నడిచేవాడు కాదు. భూమికి కాస్త పైన నడిచేవాడు. మా ఇంట్లో గొప్పగా చెప్పుకోవడానికి ఇంకేమీ లేదు, ఆ పేరు తప్ప.

ఆ ఏడు కాయ విరగకాసింది. ఎండబెట్టడం అయిపోయి, కాయంతా కల్లంలో ఒకే రాశిగా పోసి, పైన నీలం రంగు పట్టా కప్పి ఉంది. పక్కన నిలబెట్టిన ట్రాక్టరు ట్రక్కు ఎక్కితే గానీ రాశి కొస కనపడదు. పట్టా మీద అక్కడక్కడ గడ్డిమోపులు పెట్టాడు మా నాన్న. గోతాలు తేవడానికి దర్శి బయల్దేరుతూ నన్ను పిలిచాడు.

"రేప్పొద్దున కోటేశ్వరరావు గారే మన కల్లానికి వత్తన్నాడు. నేనొచ్చేదాకా కాపలా ఉండు. పట్టా కదిలించమాక. ఆ గడ్డిమోపులు తియ్యమాక."

"నేనెందుకు తీస్తాను నాన్నా?"

"నువ్వేది ఎందుకు చేస్తావో నీకే తెలవదుగా. అందుకనే చెప్పా."

మోపులు ఎందుకు తియ్యకూడదో మాత్రం చెప్పలేదు. మా నాన్న కారణాలు చెప్పే మనిషి కాదు. నేను కారణం లేనిదే వినే మనిషిని కాదు. మా ఇంటి చరిత్రంతా ఈ రెండు వాక్యాలే.

ఆయన వెళ్లాక చెట్టు నీడ పడుతున్న ట్రక్కు ఎక్కి కూచున్నాను. కింద రాశి కనిపించింది. పట్టా కాయల మీద ముడతలు పడి, అక్కడక్కడ ఉబ్బి, కొన్నిచోట్ల లోయల్లా దిగి, ఆ పైన ఎండ పడి... పాఠకులారా, అది మిరప రాశి కాదు. అది అగ్నిసీమ! శిఖరాలు, కనుమలు, పీఠభూములు. నేను పెన్సిలు కొరికి కొరికి కల్పించలేకపోయిన దేశం మా నాన్న పట్టా కింద తయారుగా పడి ఉంది. దీని మీద నీళ్లు పోస్తే, నిజమైన నది ఎటు పారాలో నీళ్లే చెబుతాయి! పట్టా ఉన్నది కాయ తడవకుండా ఉండటానికేగా. తర్కంలో ఎక్కడైనా చిల్లుందా? లేదు. చిల్లు వేరేచోట ఉంది.

ఇద్దరికీ కబురు పంపాను. నాగుల్ మీరా సైకిలు మీద బిందె కట్టుకుని వచ్చాడు. శీను నోట్లో చెరుకుముక్కతో వచ్చాడు. నేను పనివాళ్లకి పథకం వివరించే కాంట్రాక్టరులా ట్రక్కు మీద నిలబడ్డాను. క్యారంబోర్డు మీద డ్రాయింగు షీటు బిగించాను. మా అమ్మ కుట్టుమిషను డ్రాయరులోంచి టేపు తెచ్చాను. మట్టం చూడటానికి తాపీమేస్త్రీలు వాడే నీళ్ల గొట్టం అడిగి తెచ్చాను.

"ముందు ఈ గడ్డిమోపులు తీసెయ్యండి" అన్నాను.

"బాబాయ్ ఏమీ అనడా?" అన్నాడు నాగుల్ మీరా.

"అవి అగ్నిసీమలో అడవులవుతాయి. ఈ ఎత్తులో అడవులుండవు. శాస్త్రం ఒప్పుకోదు."

శాస్త్రం ఒప్పుకోలేదని మోపులన్నీ పక్కన పెట్టాం. ఏది ఎక్కడుందో గుర్తు పెట్టుకుని మరీ తీశాను. అంత జాగ్రత్తపరుణ్ణి!

మొదటి బిందె శిఖరం మీద పోశాం. ఏం చెప్పమంటారు! నీళ్లు సన్నసన్న పాయలుగా దిగి, ఒకదాన్నొకటి వెతుక్కుంటూ కలిసి, లోయలో ఒక్క ధారై, మెలికలు తిరుగుతూ కిందికి పారాయి. చీలలేదు. కొండెక్కలేదు. నాకు ఒళ్లు గగుర్పొడిచింది.

"చూశావట్రా? కొండ దిగే నదులు కలుస్తాయి, చీలవు!"

"ఆ మాట నిన్న నేనే చెప్పా" అన్నాడు నాగుల్ మీరా.

రెండో బిందె పోశాం. ధార నడిమి వాలులో ఒక గుంటలో చేరి అందమైన సరస్సు అయింది. పెన్సిలు తీసి దాని ఒడ్డు గీస్తున్నాను. ఒడ్డు లోపలికి జరిగింది. చెరిపి మళ్లీ గీశాను. మళ్లీ జరిగింది. కాసేపటికి సరస్సు లేదు.

"ఎండకి ఇగిరిపోయిందేమోరా" అన్నాడు శీను.

"ఇంత వేగంగా ఆవిరవ్వదు. విస్తీర్ణం బట్టి చూస్తే అసాధ్యం" అన్నాను.

"ఎటో పోతన్నాయిరా నీళ్లు" అన్నాడు నాగుల్ మీరా, తల గోక్కుంటూ.

"ఎటో కాదు. భూగర్భంలోకి."

"ఏ భూగర్భం?"

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఆ ప్రశ్నకి సరైన జవాబు మీకు తెలుసు. నాలుగో తరగతి పిల్లవాడికి తెలుసు. చెరుకు నములుతున్న శీనుకి కూడా ఇంకో రెండు ముక్కలు నమిలితే తట్టేదే. సర్వేయింగులో డిస్టింక్షన్ తెచ్చుకున్న నేను మాత్రం, కళ్లు మెరుస్తుండగా, ఏమన్నానంటే:

"పాతాళలోకం!"

నాగుల్ మీరా మొహం విచ్చుకుంది. "అబ్బో! అయితే నా వీరుడు అందులో దిగుతాడు. ఎంత లోతుండిద్ది?"

అది తెలియాలంటే కొలవాలి కదా. కొలవాలంటే పొయ్యాలి కదా. పోశాం. పాతాళం తాగింది. ఇంకా పోశాం. ఇంకా తాగింది. అలా నీళ్లు మాయమయ్యే చోట్లు మూడు కనిపెట్టాం. ప్రతి చోటా "ఆహా" అన్నాను. ఆ మూడూ సరిగ్గా గడ్డిమోపులు తీసిన చోట్లేనన్న సంగతి కూడా గమనించాను. "విచిత్రంగా ఉందే!" అనుకుని, ఆ విచిత్రాన్ని అక్కడే వదిలేసి, కొలతలు రాసుకున్నాను.

సాయంత్రానికి పట్టాని తుండుగుడ్డతో తుడిచి, మోపుల్ని ఎక్కడివక్కడ పెట్టాం. ఇంటికెళ్లి మ్యాపుకి సిరా పెట్టాను. ఎత్తుల గీతలు గోధుమరంగులో, హిమవేణి నీలంలో. నీళ్లు మాయమైన మూడు చోట్లా సున్నా చుట్టి, లోపల అడ్డగీతలు కొట్టి, పక్కన గంభీరమైన భాషలో రాశాను: 'ఇచ్చట నది పాతాళమునకు పోవును.'

మా నాన్న చీకటి పడ్డాక వచ్చాడు. బ్యాటరీ లైటు వేసి కల్లమంతా తిరిగాడు. మోపులు చూశాడు. నా భుజం మీద చెయ్యి వేశాడు.

"పర్లేదే. మొదటిసారి చెప్పిన మాట విన్నావు."

ఆ చెయ్యి బరువు ఇప్పటికీ నా భుజం మీదుంది.

తెల్లారింది. కోటేశ్వరరావు గారు స్కూటరు మీద దిగారు. మడత నలగని తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు. టిక్కీలు తొక్కే కూలీలు గోతాలు పరుస్తున్నారు. మా అమ్మ టీ ఇచ్చింది. మా నాన్న అప్పటికే భూమికి కాస్త పైన ఉన్నాడు.

"మీ కాయ చూసేదేముంది సుబ్బయ్య గారూ. ఊరికే ఓసారి ఆ గజ్జెల చప్పుడు వినిపోదామని" అంటూ ఆయన పక్కనున్న గడ్డిమోపు జరిపి, పట్టా ఎత్తి, చెయ్యి లోపలికి పోనిచ్చి ఒక గుప్పెడు తీసి చెవి దగ్గర ఊపారు.

చప్పుడు లేదు.

ఆయన ఇంకోసారి ఊపారు. మిరపకాయలు తడిగుడ్డల్లా వేలాడాయి. చెయ్యి మళ్లీ లోపలికి పెట్టారు, ఈసారి మోచేతి దాకా. తీసి చూసుకున్నారు. తెల్లచొక్కా చెయ్యి ఎర్రగా తడిసి ఉంది.

"సుబ్బయ్య గారూ" అన్నారు చాలా మెల్లగా. "ఇదేంది?"

"మంచు పడిందేమోనండీ" అన్నాడు మా నాన్న, ఇంకా నవ్వుతూనే.

"మంచు మోచేతి లోతుకి పడిద్దా?"

మా నాన్న తన చెయ్యి పెట్టాడు. ఆ మొహం మారడం నేను చూశాను. ముందు నవ్వు పోయింది. తర్వాత రంగు పోయింది. ఎండకి వెలిసి తెల్లబడ్డ తాలుకాయ చూశారా, అచ్చం అదే రంగు.  కూలీలు పరుస్తున్న గోతాలు చేతుల్లో అలాగే ఉండిపోయాయి. 

"ఇన్నేళ్లలో మీ టిక్కీ మూతి విప్పలా నేను. మీరు కూడా మొదలెట్టారా?" అన్నారు కోటేశ్వరరావు గారు. ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. ఇంట్లో మనిషి పోయినట్టు అన్నారు.

 పాతాళలోకం చిరునామా నాకు అప్పుడు తెలిసింది. సున్నా, అడ్డగీతలు, 'ఇచ్చట నది' అన్నీ కళ్లముందు గిర్రున తిరిగాయి. చెప్పాలని నోరు తెరిచాను.  

సరిగ్గా అప్పుడు సైకిలు గంట మోగింది. వెనక సీటుకి నిండు బిందె కట్టుకుని, ముఖం వెయ్యి వాట్ల బల్బులా వెలిగిపోతూ వచ్చాడు నాగుల్ మీరా.

"ఒరేయ్ ఇంజినీరూ! నిన్న పోసినయ్యి పాతాళం అడుగు ముట్టలేదురా! ఇంకో నాలుగు బిందెలు పోద్దామా?"

కల్లంలో అందరూ వాడివైపు తిరిగారు. వాడు బ్రేకు వేశాడు. "నమస్తే బాబాయ్" అన్నాడు, ఏదో తేడా పసిగట్టి.

"ఏం పోశార్రా?" అన్నాడు మా నాన్న.

"నీళ్లు బాబాయ్."

"యాడ?"

"అగ్నిసీమలో."

"అది ఏ మండలం?"

నాగుల్ మీరా నావైపు చూశాడు. నేను ఆకాశంవైపు చూశాను. ఆకాశం వేరే పనిలో ఉంది.

"మండలం లేదు నాన్నా. ఆ రాజ్యం అసలు లేదు. మా ఆటలోది. దానికి మ్యాపు గీస్తున్నా. నది సరిగ్గా రావడం కోసం... పట్టా మీద..." అన్నాను.

"లేని రాజ్యానికి నీళ్లెందుకురా?" అన్నాడు మా నాన్న.

ఇంతవరకూ ఏ ఇంజినీరూ జవాబు చెప్పలేని ప్రశ్న అది. 

కోటేశ్వరరావు గారు చేతులు కట్టుకున్నారు. "ఈ వ్యాపారంలో చానా సాకులు విన్నా సుబ్బయ్య గారూ. మంచు అన్నారు, వాన అన్నారు, దాహమేసి బిందె జారిందన్నారు. నది అన్నవాళ్లు మాత్రం మీరే."

అయిపోయింది! నిజం చెబితే గట్టెక్కుతామనుకున్నాను. ఆ నిజం అబద్ధం కంటే అన్యాయంగా ఉంది. పైగా ఇప్పుడు మా నాన్న నీళ్లు చల్లడమే కాక, తప్పుని కొడుకు మీదికి నెట్టి, కొడుకు చేత కట్టుకథ చెప్పించినవాడు కూడా అయ్యాడు. ఆయన కండువా తీసి తడిసిన చెయ్యి తుడుచుకుంటున్నాడు. తుడిచిన చోటే మళ్లీ మళ్లీ తుడుచుకుంటున్నాడు.

ఇంటికి పరిగెత్తాను. మ్యాపు తెచ్చి కోటేశ్వరరావు గారి చేతిలో పెట్టాను. ఆయన దాన్ని పొలం పాసుపుస్తకం చూసినంత శ్రద్ధగా చూశారు.

"ఈ సున్నాలేంది?" అన్నారు. తర్వాత పక్కన రాసింది పైకి చదివారు: "ఇచ్చట నది పాతాళమునకు పోవును."

కూలీల్లో ఎవరో కిసుక్కున నవ్వి, ఆ నవ్వుని దగ్గులోకి మార్చారు. కోటేశ్వరరావు గారు నవ్వలేదు. రాశినీ మ్యాపునీ మార్చి మార్చి చూశారు.

"తూకం కోసం చల్లేవాడు అంతటా సమంగా చల్లుతాడు. ఇట్టా సున్నాలు చుట్టి ఒకేచోట కుండపోతగా పొయ్యడు. మీవాడి మ్యాపు నిజమైతే ఈ మూడుచోట్లే తడి ఉండాల. మిగతా రాశంతా మోగాల. పట్టా తియ్యండి" అన్నారు.

పట్టా లాగారు. దాన్ని ఎండలోకి ఎత్తి పట్టుకుంటే మూడు చిల్లులు, ఎలుకలు కొరికినవి, మూడు చిన్న సూర్యుల్లా వెలిగాయి. మా నాన్న గడ్డిమోపులు పెట్టింది వాటి మీదే. నేను తీసేసిన అడవులు.

నేను టేపు పట్టుకుని దారి చూపిస్తుంటే, కోటేశ్వరరావు గారు రాశిలోకి దిగారు. మొదటి సున్నా దగ్గర చెయ్యి పెట్టారు. తడి. రెండో సున్నా, తడి. మూడో సున్నా, పిండితే కారేంత తడి.

"ఇక్కడ ఎందుకింత ఎక్కువ?"

"లోతు కొలిచాం అండీ" అన్నాడు నాగుల్ మీరా, బుద్ధిగా.

ఇక మిగతా దేశం. ఆయన ఒకచోట గుప్పెడు తీసి మ్యాపు చూశారు. "ఇది ఏ కొండ?"

"ధూమ్రగిరి అండీ."

ఊపారు. గలగల! "ధూమ్రగిరి మోగుతోంది సుబ్బయ్య గారూ. ఈ కోట గుర్తు?"

"రాజధాని అండీ."

గలగల! "రాజధాని పొడి. ఈ పక్కది?"

"రాక్షసుల గుహలు."

"గుహలు కూడా బాగా ఎండినయ్యి." ఆయనకి ఊపొచ్చింది. చొక్కా చేతులు మడిచి రాశి చుట్టూ తిరుగుతూ, తూర్పు మైదానం, దొంగల కనుమ, రాణిగారి వేటతోట అన్నీ చెవి దగ్గర ఊపి ఊపి విన్నారు. ఊపిన ప్రతిసారీ మా నాన్న మొహంలోకి కాస్త రంగు తిరిగొచ్చింది. ఒక్కచోట, రాశి అడుగున, మ్యాపులో సున్నా చుట్టని తడి తగిలింది. అందరం ఊపిరి బిగపట్టాం.

కోటేశ్వరరావు గారు మ్యాపు దగ్గరగా పెట్టుకుని వేలితో నీలం గీత వెంట పోయారు. "ఓహో, ఇది సముద్రం. నది ఎక్కడో చోట సముద్రంలో కలవాలగా" అన్నారు. తర్వాత రాశిలోంచి బయటికొచ్చి, మా నాన్న ముందు నిలబడి, ఎర్రబడ్డ రెండు చేతులూ జోడించారు. "తప్పు మాటన్నాను. మీ కాయ మీ కాయే. నీళ్లు మీవి కావు."

మా నాన్న కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. 

తడిసిన కాయ వేరు చేసి, విడిగా పరిచి ఆరబెట్టే పని ముగ్గురు భూగోళ శాస్త్రవేత్తలకి దక్కింది. నల్లబడ్డవన్నీ ధర పలకని తాలులోకి పోయాయి. శీను చెమట పట్టి కన్ను తుడుచుకున్నాడు, మిరప చెయ్యితో. వాడు పెట్టిన కేకకి అగ్నిసీమలో రాక్షసులు కూడా గుహలు ఖాళీ చేసి ఉంటారు. కోటేశ్వరరావు గారు ఈ కథని యార్డంతా చెప్పారు. మా నాన్న పేరు చెడలేదు, కాస్త పొడుగైంది. ఆ తర్వాత ఆయన గుంటూరు వెళ్లినప్పుడల్లా ఎవరో ఒకరు అడిగేవారు: "నీళ్లు చల్లని సుబ్బయ్య గారూ, ఈ ఏడు నది ఎటు తిప్పారు?"

 నది బయటపడ్డ రోజు సాయంత్రం మా నాన్న అరుగు మీద కూచుని మ్యాపు తెప్పించుకున్నాడు. చించేస్తాడనుకున్నాను. చించలేదు. మోకాళ్ల మీద పరుచుకున్నాడు.

"ఇక్కడ జనం ఏం పండిస్తారు?"

"అది ఇంకా ఆలోచించలేదు నాన్నా."

"కోట పెట్టావు, రాక్షసుల్ని పెట్టావు. పంట పెట్టలా. గడ్డి తింటారా?" వేలితో అగ్నిసీమ అంతా వెతికాడు. "కల్లం యాడుంది?"

"లేదు."

"పెట్టు. మెరక మీద పెట్టు. నీ నదికి దూరంగా."

పెన్సిలు తెచ్చి, ఆయన వేలు పెట్టిన చోట, ధూమ్రగిరికి అవతల, కల్లం గీశాను. చిన్న రాశి, దాని మీద పట్టా, పట్టా మీద మూడు మోపులు. ఆయన తలాడించాడు. లేచి లోపలికి పోతూ గుమ్మం దగ్గర ఆగాడు.

"దానికి కాపలా ఒక మనిషిని పెట్టు. రాక్షసుణ్ణి పెట్టుకున్నా పర్లేదు. నిన్ను మాత్రం పెట్టమాక."

కాబట్టి ఇప్పటికీ చెయ్యి పెడితే మండినట్టనిపించే ఆ మిరప రాశి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నేను ఏ లోకాన్ని సృష్టించినా అది ఎడారి లోకమే. అందులో నది ఉండదు, వాగు ఉండదు, వాన పడదు, ఎవరికీ దాహం వెయ్యదు. హిమవేణి ఆనాటి నుంచి ఎండిపోయే ఉంది. పాపం నాగుల్ మీరా వీరుడు మాత్రం ఇంకా పాతాళంలోనే ఉన్నాడు. పైకి రావాలంటే పాచికలో నాలుగు పడాలి.